కెటలిటిక్ కట్టెల పొయ్యి: మూడు రోజులు మంచిగనే కాలింది, ఇప్పుడు పొగంత ఇంట్లకే

బత్తాయితోట (నిడమనూరు దగ్గర) · డిసెంబర్ 11, రాత్రి 9:40

అందరికి నమస్తే. రెండేండ్ల సంది ఇక్కడ చదువుడే గని రాసింది లేదు. ఇయ్యాల రాయక తప్పుత లేదు, మా అమ్మ నాతోని మాట్లాడుత లేదు.

సంగతేందంటే, మా బత్తాయి చెట్లు ముసలివైనయ్. కాపు తగ్గిందని దసరా అయినంక రెండెకరాలు తీసేసినం. కట్టె కుప్పలు కుప్పలుంది. ఇంట్ల ఏడుగురం, రెండు బర్లు. గ్యాస్ ఉంది, అది చాయకు, కూరలకు. స్నానాల నీళ్లు, దాణా ఉడికేసుడు, రొట్టెలు అన్ని కట్టెల మీదనే. వంట చేసేది రేకుల షెడ్డుల. అమ్మ కండ్లు ఏడాది పొడుగూత ఎర్రగనే ఉంటయ్.

అమెరికాల ఉండే మా పెద్దమ్మ బిడ్డ వీడియో కాల్‌ల వాళ్లింటి పొయ్యి చూపించింది. ఇనుప పెట్టె, అద్దం తలుపు. రాత్రి పదింటికి దుంగలు పెడితే పొద్దుగాల దాక కాలుతదట, గొట్టం మీద పొగే కనపడదట. లోపల తేనెపట్టు లెక్క ఒక బిళ్ల ఉంటదట, పొగను అదే కాలుస్తదట. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలే.

నల్గొండల ఒక తుక్కు దుకాణంల పాత కారు కన్వర్టర్ (కారు పొగగొట్టంల పొగను శుభ్రం చేసే డబ్బ) దొరికింది. కోయించి లోపలి బిళ్ల తీసిన. ఊర్ల వెల్డింగ్ చేసేటాయనతోని ఇనుప రేకు పెట్టె చేయించిన. పైన రెండు గిన్నెలకు బొక్కలు, ముంగట తలుపు, ఎనుక నాలుగించుల గొట్టం. గొట్టంల నాలుగడుగుల ఎత్తుల ఈ బిళ్ల ఇరికిచ్చినం.

మూడు రోజులు మస్తు కాలింది. వాడకట్టోళ్లందరు వచ్చి చూసిండ్రు. నాలుగో రోజు నుంచి పొగ ఎదురు తన్నుడు మొదలైంది. తలుపు తీస్తే మొఖం మీదికే. గొట్టం అతుకుల దగ్గర నల్లగ, జిగటగ కారుతుంది. అమ్మ దాన్ని మూలకు తోసి మల్ల మూడు రాళ్లు పెట్టుకుంది. ఎక్కడ తప్పు చేసిన?

కృష్ణఒడ్డు (హాలియా) · డిసెంబర్ 11, రాత్రి 9:58

మాట్లాడకపోతే మాయె, అన్నం పెడుతుందా లేదా? ముందుగాల అది చెప్పు.

బత్తాయితోట · డిసెంబర్ 11, రాత్రి 10:02

పెడుతుంది. కంచం జర గట్టిగ పెడుతుంది.

జడ్చర్ల వెల్డర్ · డిసెంబర్ 12, ఉదయం 6:15

తమ్మీ, నాలుగు మాటలడుగుత, సరిగ్గ చెప్పు. గొట్టం మొత్తం ఎత్తు ఎంత? మలుపులెన్ని? పైకొస ఎక్కడ తేలింది, రేకుల కిందనా మీదనా? కట్టె ఎప్పుడు కొట్టింది, ఎక్కడ పేర్చినవ్? ఇవి తెల్వకుంట బిళ్లను తిట్టొద్దు.

బత్తాయితోట · డిసెంబర్ 12, ఉదయం 7:30

ఎత్తు పొయ్యి మీదికెళ్లి ఆరడుగులు ఉంటది. మలుపులు రెండు. పైకి పోయి, గోడ నుంచి బయటికి తిరిగి, మల్ల జర పైకి. కొస రేకుల చూరు కిందనే ఉంది, వాన పడకుంట. కట్టె అక్టోబర్‌ల కొట్టింది. తోటల్నే కుప్ప పోసినం. నడుమ రెండు వానలు పడ్డయ్.

జడ్చర్ల వెల్డర్ · డిసెంబర్ 12, ఉదయం 7:41

అయ్యో.

డ్యూటీసిస్టర్ (వనపర్తి) · డిసెంబర్ 12, మధ్యాహ్నం 2:10

పొయ్యి సంగతి మీరు మాట్లాడుకోండి, నాదొక్క మాట. తలుపులున్న పెట్టెల మంట సగం సగం కాలి, గొట్టం బందయితే వచ్చేది కండ్లు మండే పొగ ఒక్కటే కాదు, కార్బన్ మోనాక్సైడ్ కూడా. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. తలనొప్పి, వాంతికొచ్చినట్టుండుడు, కాళ్లు గుంజినట్టుండుడు. చలికాలం కుంపటి లోపల పెట్టుకొని తలుపులేసుకొని పండి తెల్లారి లేవనోళ్ల వార్తలు ఏటా పేపర్ల వస్తనే ఉంటయ్. ఈ గొట్టం సరయ్యేదాక షెడ్డు తలుపు దగ్గరికి వేయొద్దు. అమ్మకు ఈ నాలుగు దినాలల్ల తలనొప్పి లేసిందా అడుగు.

బత్తాయితోట · డిసెంబర్ 12, మధ్యాహ్నం 2:35

అడిగిన. "నీతోనే తలనొప్పి" అన్నది. మాట్లాడింది ఆ ఒక్క మాట. పొయ్యి ముట్టిస్త లేను సిస్టర్.

పాలమూరు ఆడబిడ్డ (సొంతూరు కోస్గి, ఉండేది న్యూ హాంప్‌షైర్) · డిసెంబర్ 13, ఉదయం 8:05

తమ్మీ, నేనేరా మీ అక్కను. నన్ను అడగకుంట కారు బిళ్ల పెట్టినవా? ఫోన్‌ల పొయ్యి చూపించిన గని దాని ఎనుక ఉన్న గోస చూపించలే. ఇప్పుడు చెప్త.

ఈ పొయ్యి నేను కొన్నది కాదు, ఇంటితోని వచ్చింది. ఇక్కడ మంచు తుఫానుకు కరెంటు పోతే రెండు మూడు రోజులు రాదు, బయట మైనస్ 20. అందుకే నేర్చుకున్న. మొదటి చలికాలమంత తప్పులే చేసినం.

లోపల రెండు తొవ్వలుంటయ్. ఒకటి పొగ సక్కగ గొట్టంలకు పోయేది, రెండోది బిళ్ల నడుమ నుంచి పోయేది. నడుమ ఒక మూత, దాన్ని పిడితోని తిప్పుతం. ముట్టించేటప్పుడు సక్క తొవ్వ తెరిచే ఉండాలె. సన్న పుల్లలు, తర్వాత చిన్న చీలికలు, మంట మంచిగ అందుకున్నంక దుంగలు. బిళ్ల దగ్గర థర్మామీటరు ముల్లు ఉంటది. అది 260 డిగ్రీలు, ఇక్కడి లెక్కల 500 ఫారన్‌హీట్, దాటినంకనే మూత తిప్పాలె. నాకు ఇరవై నిమిషాల నుంచి అరగంట పడుతది. అంతకు ముందే తిప్పితే చల్లటి బిళ్లకు పొగ తగిలి మసి పట్టుడే, కాలుడు ఉండదు. ఒక్కసారి అంటుకుంటే మాత్రం పొగనే దానికి తిండి. ముల్లు దానంతటదే 600, 700 డిగ్రీల సెల్సియస్ దాక పోతది. అప్పుడు గాలి కొంచెం కొంచెం తగ్గిస్తం. దుంగల మీద మంట కనపడకుంట నల్లగ ఉన్నా లోపల బిళ్ల ఎర్రగ మెరుస్తుంటది. కాసేపైనంక ఎరుపు పోతది. మా ఆయన ఆరిపోయిందనుకొని కంగారు పడి తలుపు తీసేటోడు. ఎరుపు లేకపోయినా అది పని చేస్తనే ఉంటది, ముల్లునే నమ్మాలె.

మల్ల కట్టె వేసేటప్పుడు ముందు మూత తెరవాలె, ఒక నిమిషం ఆగాలె, అప్పుడు తలుపు మెల్లగ తీయాలె. గబుక్కున తీస్తే పొగ ఇంట్లకే. కాగి ఉన్న బిళ్ల మీదికి సల్లటి తడి కట్టె ఆవిరి కొడితే పింగాణి పగులుతది.

వేయకూడనివి ఎన్నో ఉన్నయ్. ప్లాస్టిక్, రంగేసిన కట్టె, మందు కొట్టిన పలకలు, మెరిసే రంగు కాగితాలు. బిళ్ల మీద పల్లాడియం, ప్లాటినం లాంటి లోహం సన్నటి పూత ఉంటది, ఇవి దాన్ని చంపేస్తయ్. మావోడు మొదటి క్రిస్మస్‌కు గిఫ్టుల కాగితాలన్ని అండ్లనే కాల్చిండు. వారం తిరిగేసరికి ముల్లు లేస్తనే లేదు.

శుభ్రం చేసుడు కూడ మనిషిని కడిగినట్టే. పొయ్యి పూర్తిగ సల్లారినంక బిళ్ల తీసి, రంగులేసే మెత్తటి బ్రష్‌తోని బూడిద దులపాలె. తీగలు, సువ్వలు పెట్టి గెలకొద్దు, పూత పోతది. దులిపినా పని చేయకపోతే సగం తెల్ల వెనిగర్ సగం డిస్టిల్డ్ వాటర్ కలిపి, బిళ్లను అండ్ల ముంచి అరగంట సన్నగ మరిగించాలె. తర్వాత ఉత్త డిస్టిల్డ్ వాటర్‌ల రెండుసార్లు మరిగించి కడిగి, మెల్లగ ఆరబెట్టాలె. నేను చేసిన, మల్ల పని చేసింది. పెట్టేటప్పుడు చుట్టు ఉండే పట్టీ కొత్తది వేయాలె, లేకుంటే పొగ సందుల నుంచి దొంగతొవ్వ పట్టుతది.

ఎంత మంచిగ చూసుకున్నా 10 వేల నుంచి 12 వేల గంటలే దాని ఆయుష్షు. మేము ఐదు నెలలు రాత్రింబగళ్లు కాలుస్తం, అంటే ఏడాదికి 3600 గంటలు. మూడు చలికాలాలకు కొత్తది కొనాలె. మీ తాన ఇది దొరకదు, దొరికినా కొనొద్దు. ఎందుకో ఇంకోసారి రాస్త, ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నర దాటింది.

కృష్ణఒడ్డు · డిసెంబర్ 13, ఉదయం 8:30

అక్కా, ఇది పొయ్యా, కొత్తల్లుడా?

ఫిజిక్స్‌సారు (నల్గొండ, రిటైర్డు) · డిసెంబర్ 13, ఉదయం 11:20

ఆ అమ్మాయి చాలా బాగా రాసింది. ఎక్కడ తప్పు జరిగిందో నేను చెబుతాను.

ముందు ఒక చిన్న ప్రయోగం. క్రొవ్వొత్తి వెలిగించి, కాసేపాగి ఆర్పండి. వత్తి నుంచి తెల్లటి పొగ లేస్తుంది. ఆ పొగకు, వత్తికి అంగుళం పైన, అగ్గిపుల్ల చూపించండి. మంట పొగ మీదుగా కిందికి దూకి వత్తిని అంటుకుంటుంది. పొగ అంటే చెత్త కాదు, కాలకుండా పోతున్న కట్టె. మామూలుగా ఆ పొగ అంటుకోవాలంటే దాదాపు 600 డిగ్రీలు కావాలి. ఉత్ప్రేరకం (కెటలిస్ట్, అంటే ఆ బిళ్ల మీది లోహపు పూత) ఉంటే 260 దగ్గరే అంటుకుంటుంది. ఆ బిళ్ల చేసే పని అంతే, తేడా అక్కడే.

ఇక మన బత్తాయితోట పెట్టిన కారు బిళ్ల. కారు కన్వర్టర్లో చదరపు అంగుళానికి మామూలుగా 400 గూళ్లు ఉంటాయి. ఒక్కో గూడు మిల్లీమీటరు చిల్లర. కట్టెల పొయ్యికి చేసే బిళ్లలో చదరపు అంగుళానికి 16 నుంచి 25 గూళ్లే. ఒక్కో గూడు అయిదారు మిల్లీమీటర్లు. ఎందుకింత తేడా? కారులో ఇంజను పొగను బలంగా నెడుతుంది, పైగా బూడిద ఉండదు. పొయ్యిలో నెట్టేవాడెవడూ లేడు. గొట్టంలో వేడిగాలి తేలికై పైకి పోతూ కింది గాలిని పీల్చుకోవాలి. ఆ కొద్దిపాటి పీల్పుకు నువ్వు జల్లెడ అడ్డం పెట్టావు. మూడు రోజుల బూడిదకు జల్లెడ మూసుకుపోయింది.

రెండో తప్పు, బిళ్లను నాలుగు అడుగుల పైన పెట్టడం. రెండు గిన్నెలూ వేడి తాగేశాక, పల్చటి గొట్టంలో నాలుగడుగులు ఎక్కాక, అక్కడ 260 డిగ్రీలు ఎక్కడివి? ఆ మూడు రోజులు కూడా అది పొగను కాల్చలేదు నాయనా. కొత్త పొయ్యి గనుక, తలుపు మూసి ఉంది గనుక బాగా మండింది.

విషం సంగతి ఆ అమ్మాయి చెప్పిందే మనకూ తెలుసు. 1995లో నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకు కన్వర్టర్ ఉండాలన్నప్పుడే అక్కడ సీసం లేని పెట్రోలు కూడా తెచ్చారు. సీసం తగిలితే ఆ పూత చచ్చిపోతుంది.

బత్తాయితోట · డిసెంబర్ 13, మధ్యాహ్నం 12:05

సార్, బిళ్ల తీసి చూసిన. మీరన్నట్టే గూళ్లన్ని నల్లటి పేస్టు పూసినట్టున్నయ్. బ్యాటరీ లైటు ఎనుక పెడితే ఒక్క సుక్క ఎలుగు రాలే. ఇంకొకటి, అమ్మ పొయ్యి ముట్టించేది క్యారీబ్యాగుతోని.

జడ్చర్ల వెల్డర్ · డిసెంబర్ 13, మధ్యాహ్నం 12:20

బిళ్ల చుట్టు తెల్ల దూది లెక్క ఉన్నదా? దాన్ని చేతులతోని పీకకు, దుమ్ము పీల్వకు. మొఖానికి గుడ్డ కట్టి, తడిపి, సంచిల వేసి పక్కకు పెట్టు. మా దుకాణంల పోరగాండ్లకు అదే చెప్త, ఇనరు.

రొట్టెలపెనం (నారాయణపేట) · డిసెంబర్ 13, రాత్రి 8:45

పొద్దటి సంది చదువుతున్న. ఇంజను, పీల్పు, పల్లాడియం... మంచిగుంది. ముట్టించే మనిషిని ఎవరన్న అడిగిండ్రా?

మా అమ్మింట్ల నేను బడికి పోయే రోజులల్ల ఎవరో వచ్చి పొగ రాని పొయ్యి అని మట్టిపొయ్యి కట్టిపోయిండ్రు. రెండు గిన్నెల పొయ్యి, సిమెంటు గొట్టం. పైసలు తీసుకోలే. మొదటి గిన్నెకు మంట తగిలేది, రెండో గిన్నెల నీళ్లు గోరువెచ్చగ కూడ కాకపోయేది. గొట్టంల మసి దులపాలని ఎవ్వరు చెప్పలే. ఆరు నెలలకు బందయింది. రెండు వానలకు గొట్టం పైకొస ఊడింది. నాయిన ఆ బొక్కకు గోనెసంచి కుక్కిండు. అమ్మ మల్ల రాళ్ల పొయ్యికే వచ్చింది. అందరు "ఆడోళ్లకు కొత్తది అలవాటు కాదు" అన్నరు.

ఇంకో మాట. మాది జొన్న రొట్టెల ఇల్లు. రొట్టెకు పెనం కింద మంట పరుచుకోవాలె, కట్టె ముందుకు జరిపితే పెరగాలె, ఎనక్కు గుంజితే తగ్గాలె. ఒక పక్క కాలినంక పెనం ముంగట నిప్పుల మీద నిలబెడితే పొంగాలె. తలుపుల పెట్టెల ఈ పని ఎట్ల అయితది? ఆ అక్క పొయ్యి ఇల్లు వెచ్చగ చేయనీకి. అమ్మ పొయ్యి పదినిమిషాలకోసారి మంట మార్చనీకి. రెండు ఒకటి కాదు.

పాలమూరు ఆడబిడ్డ · డిసెంబర్ 14, ఉదయం 7:10

రొట్టెలపెనం వదినా, నేను రాద్దామనుకున్నది నువ్వే రాసినవ్. బిళ్ల పని చేయాలంటే పెట్టె మూసుండాలె, గంటల కొద్ది ఒకే తీరుగ కాలాలె. నేను పొద్దున, రాత్రి రెండుసార్లు కట్టె వేస్త, అంతే. మీ పొయ్యి ముప్పావు గంటకు ఆరిపోతది. బిళ్ల కాగేసరికి మీ వంటైపోతది.

ఇంకోటి, ఇక్కడి పొయ్యిలన్నిట్ల బిళ్లలుండయ్. బిళ్ల లేకుంట, మంట మీద ఎత్తున సన్న బొక్కల గొట్టాల నుంచి కాగిన గాలి కొట్టి పొగను కాల్చేవి కూడ ఉన్నయ్. ఇక్కడ 1988 నుంచే కట్టెల పొయ్యిల పొగకు చట్టం ఉంది. 2020 నుంచి కొత్తగ అమ్మే పొయ్యి గంటకు 2 గ్రాముల కన్న ఎక్కువ నుసి ఇడువొద్దు, దుంగలతోని పరీక్షిస్తే రెండున్నర. ఆ లెక్కకు రెండు రకాలు నిలబడుతున్నయ్. తమ్మికి పనికొచ్చేది ఆ గాలి పద్ధతే.

తమ్మీ, ఆ జిగటగ కారేది నీళ్లు కాదు, తారు. తడి కట్టె పొగ సల్లటి గొట్టానికి తగిలి పేరుకుంటది. ఎండినంక అంటుకుంటే గొట్టం లోపలే మంట. మా పక్కింటోళ్లకు అయింది. గొట్టంల రైలు పోయినట్టు చప్పుడొచ్చిందట. మీ రేకుల కింద ఎండుగడ్డి ఉంటదని గుర్తు పెట్టుకో.

పట్నంపోరడు (దిల్‌సుఖ్‌నగర్) · డిసెంబర్ 14, ఉదయం 9:00

ఇంకొక సిలిండర్ బుక్ చేస్తే అయిపాయె కదా. 1999ల దీపం పథకం, 2016ల ఉజ్వల పథకం, ఇంతమందికి గ్యాస్ కనెక్షన్లు ఇచ్చినంక గూడ ఇంకా కట్టెలా?

బత్తాయితోట · డిసెంబర్ 14, ఉదయం 9:25

అన్నా, ఏడుగురి స్నానాల నీళ్లు, రెండు బర్ల దాణా గ్యాస్ మీద పెడితే సిలిండర్ పదిహేను రోజులు రాదు. రెండెకరాల కట్టె ఏం చేయాలె, చూసుకుంట కూసోవాల్నా?

రొట్టెలపెనం · డిసెంబర్ 14, ఉదయం 9:40

కనెక్షన్ ఇచ్చుడు వేరు, నిండు సిలిండర్ నెలనెలా కొనుడు వేరు.

ఫిజిక్స్‌సారు · డిసెంబర్ 14, ఉదయం 10:15

గొడవొద్దు. ఒక పాత ముచ్చట. పొగరాని పొయ్యి మనకు ఎక్కడినుంచో రాలేదు. హైదరాబాదు ఇంజినీరింగు పరిశోధనశాలలో ఎస్.పి. రాజు గారు 1950ల మొదట్లోనే గొట్టంతో మట్టిపొయ్యి రూపొందించారు. ఆ ప్రయోగశాల ఇంగ్లీషు పేరులోని మొదటి అక్షరాలతోనే దాన్ని హెర్ల్ చుల్లా (హెర్ల్ పొయ్యి) అన్నారు, దేశమంతా తిరిగింది. 1983లో కేంద్రం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం పెట్టింది. 2002 దాకా నడిచింది. నారాయణపేట అమ్మాయి రాసిన గతే చాలాచోట్ల పట్టింది. కట్టడానికి డబ్బిచ్చారు గానీ, కట్టాక మళ్లీ వచ్చి చూసేవాళ్లు లేరు.

బత్తాయితోట, ఇప్పుడు నీకు హోంవర్కు. నీ కుప్పలోంచి ఒక కట్టె ముక్క సరిగ్గా కిలో తూచు. చీల్చి, పొయ్యి పక్కన నిప్పు తగలని వేడిలో పెట్టు. రోజూ తూచు. బరువు తగ్గడం ఆగిపోయాక ఎంతుందో ఇక్కడ రాయి.

జడ్చర్ల వెల్డర్ · డిసెంబర్ 15, రాత్రి 9:10

ఇగ నా పని నేను చెప్త. ఆ పెట్టె పారేయకు.

గొట్టం ముందు. రెండు మలుపులు తీసెయ్, రేకుకు బొక్క పెట్టి నిట్టనిలువుగ పైకి తీయి. నాలుగించులు సాలది, ఆరించులు పెట్టు. కొస రేకు దాటినంక ఇంకో మూడడుగులు లేవాలె. పక్కన పదడుగుల లోపల గోడో, కొప్పో ఎత్తుగ ఉంటే దానికంటె రెండడుగులు మీద ఉండాలె. అమెరికాల గూడ ఇదే కొలత అని అక్క మొన్న ఫోన్‌ల చెప్పింది, నేను పదేండ్ల సంది అనుభవంతోని పెడుతున్నదే. కొసకు టోపీ పెట్టు, టోపీకి గొట్టానికి నడుమ జానెడు సందు ఉంచు. రేకుకు తగిలే తాన చుట్టు ఇంకో పెద్ద గొట్టం ముక్క తొడిగి నడుమ ఖాళీ ఉంచు, లేకుంటే కింది వాసాలు మాడుతయ్. గొట్టం అడుగుల ఒక మూత పెట్టు, అదే మసి దులిపే తలుపు.

లోపల ఇప్పుడు ఉత్త ఇనుము ఉంది. ఇనుము వేడి తాగి బయటికి ఇస్తది, మంట సల్లబడుతది. అండ్ల చిన్న ఇటుకల గూడు కట్టు, ఇంగ్లీషు ఎల్ లెక్క. ముంగట కట్టె తోసే నోరు, ఎనుక నిట్టగ మంట లేచే పొడుగు. కట్టె కింద జల్లెడ ఉండాలె, గాలి అడుగుకెళ్లి రావాలె. ఇటుకకు రేకుకు నడుమ ఊక బూడిద కూరు. మిర్యాలగూడ మిల్లుల తాన లారీలకు లారీలు ఉంటది, సంచి తెచ్చుకుంటే ఎవరు ఒద్దనరు. వేడిని అంత మంచిగ ఆపేది అగ్గువకు ఇంకోటి దొరకదు. మంట లేచే తాన, గిన్నెకు జానెడు కింద, ఇటుకల వరుసల చుట్టు సన్న బొక్కలు వదులు. అవతలికెళ్లి గాలి కాగుకుంట వచ్చి అండ్ల దూరాలె. అక్క చెప్పిన గాలి ఇదే.

గిన్నెకు చుట్టు వేలెడు సందు ఉంచి రేకు గోడ పెట్టు. సెగ గిన్నె పక్కలకు రాసుకుంట పోతది.

కృష్ణఒడ్డు · డిసెంబర్ 15, రాత్రి 9:32

వెల్డరన్నా, ఇంత ఫీజు లేకుంట చెప్పినవ్, ఆరోగ్యం మంచిగనే ఉన్నదా?

చెంచుకొండ (మన్ననూరు) · డిసెంబర్ 16, సాయంత్రం 6:20

నడుమ దూరుతున్న. మా తాన నల్లమలల చలి ఎక్కువ. ఇల్లు వెచ్చగుండనీకి ఆ అక్క పొయ్యి పనికొస్తదా?

పాలమూరు ఆడబిడ్డ · డిసెంబర్ 17, ఉదయం 7:00

అన్నా, మీకు చలి రెండు నెలలు, అది గూడ రాత్రి పూట. గోడలు పగలంత ఎండ తాగి ఉంటయ్. కిటికీలకు మందం పరదలు, ఇంకో రగ్గు. ఆ పొయ్యి పైసలతోని ఇల్లంతకు రగ్గులొస్తయ్.

బత్తాయితోట · డిసెంబర్ 29, రాత్రి 8:50

హోంవర్కు సార్. కిలో ముక్క పన్నెండు రోజులకు 690 గ్రాముల తాన ఆగింది. నిన్న, ఇయ్యాల ఒకటే ఉంది.

ఫిజిక్స్‌సారు · డిసెంబర్ 30, ఉదయం 6:30

అంటే కిలో కట్టెలో 310 గ్రాములు నీళ్లు. నువ్వు పొయ్యిలో పెట్టినది పదింట మూడు పాళ్లు నీళ్లు. తేమ కొలిచే మీటర్లు ఎండు కట్టె బరువు మీద లెక్కేస్తాయి, ఆ లెక్కన 310ని 690తో భాగిస్తే 45 శాతం. అమెరికా అమ్మాయి పొయ్యికి 20 లోపు ఉండాలి. కిలో నీళ్లు ఆవిరి కావడానికి దాదాపు 2.26 మెగాజౌళ్లు ఖర్చవుతాయి, కానీ అసలు నష్టం అది కాదు. ఆవిరి మంటను చల్లబరుస్తుంది, పొగ అంటుకునే వేడి రానే రాదు. గొట్టం చల్లబడుతుంది, పీల్పు తగ్గుతుంది. నీ తిప్పలన్నీ ఆ 310 గ్రాముల్లోనే ఉన్నాయి.

పాలమూరు ఆడబిడ్డ · డిసెంబర్ 30, ఉదయం 7:45

ఇక్కడ ఓక్ కట్టె ఎండాలంటే రెండేండ్లు పేర్చి పెట్టాలె. నల్గొండ ఎండ నాకుంటే ఒక్క ఎండకాలం సాలు. తమ్మీ, దుంగలు దుంగలుగ పెట్టకు, చీల్చు. తొక్క ఉన్న గుండు దుంగల నీళ్లు బయటికి రావు. కింద రాళ్లు పెట్టి నేలకు తగలకుంట పేర్చు. పైన మాత్రమే కప్పు, పక్కలు గాలికి ఇడువు. టార్పాలిన్ మొత్తం చుట్టితే అండ్లనే మగ్గుతది. ఎండిందో లేదో రెండు ముక్కలు ఒకదానికొకటి కొట్టి చూడు. ఠంగుమంటే ఎండినట్టు, దబ్బుమంటే నీళ్లున్నట్టు. కొసలకు నెర్రెలు కూడ వస్తయ్.

అప్పటిదాక పాత తుమ్మ కట్టె, కంది కట్టె ఏమన్న ఉంటే అవి కాల్చు.

రొట్టెలపెనం · డిసెంబర్ 30, ఉదయం 8:10

కంది కట్టె సుయ్యిమని కాలి ఐదు నిమిషాలకు బూడిదయితది, ముట్టించనీకి మంచిది. అదుంటే క్యారీబ్యాగు బాధ గూడ పోతది. కంది కొట్టేటప్పుడు ఒక మోపు పక్కకు పెట్టిపిచ్చు.

జడ్చర్ల వెల్డర్ · డిసెంబర్ 30, రాత్రి 9:40

తలుపు పట్టీ చూసుకో. తలుపు సందుల పది రూపాయల నోటు పెట్టి మూసి గుంజు. బిగుతుగ వస్తే మంచిది, ఉత్తగ జారితే గాలి దూరుతుంది. నాలుగు మూలల చూడాలె.

కృష్ణఒడ్డు · డిసెంబర్ 30, రాత్రి 9:44

చినిగితే?

జడ్చర్ల వెల్డర్ · డిసెంబర్ 30, రాత్రి 9:45

చినిగితే పట్టీ మస్తు బిగుతుంది. నోటు నీది.

బత్తాయితోట · ఏప్రిల్ 20, రాత్రి 9:15

శానా రోజులైంది. కోతల పనుల పడి రాయలే.

జనవరిల వెల్డరన్న చెప్పినట్టే మార్పించిన. ఇటుకల గూడు, కింద జల్లెడ, ఊక బూడిద, ఆరించుల గొట్టం నిట్టనిలువుగ. మొదటిసారి ముట్టిచ్చినప్పుడు మంట ఎల్‌ల బుర్రుమని లేచింది, అమ్మ భయపడి ఎనక్కు జరిగింది. పొద్దుగాల ముట్టించేటప్పుడు ఐదు నిమిషాలు పొగ ఉంటది. తర్వాత గొట్టం మీదికెళ్లి సన్నగ అలలు అలలుగ వేడి కనపడుతది, అంతే. కట్టె తక్కువ పడుతుంది. ఎంత తక్కువనో తూచలే సార్, తిట్టొద్దు. ఒకప్పుడు నీళ్లకు, దాణాకు రెండు మోపులు పోయేది, ఇప్పుడు ఒకటి పోయి కొంత మిగులుతది.

తప్పులు గూడ రాస్త. బొక్కల నుంచి గాలి వస్తది గని సంక్రాంతికి అమ్మ ఎడమ పక్క బొక్కలన్ని మట్టితోని మెత్తింది, మంట పక్కకు పోతుందని. నాకు తెల్వకుంట నెలరోజులు అట్లనే కాలింది. గొట్టం అడుగు మూత తీస్తే ఒక డబ్బ మసి. ఇప్పుడు అమాసకొక్కసారి దులుపుత, పొడుగు వెదురుకు గోనె కట్టి. కొత్త కట్టె మొత్తం చీల్చి పేర్చిన, ఎండ 42 దాటింది, కొడితే ఠంగుమంటుంది. రేకుల చూరు కింద పెట్టిన, వానలకు తడువకుంట.

రొట్టెలపెనం వదినా, నువ్వన్నదే అయింది. నీళ్లు, దాణా, పెద్ద అన్నం కొత్త పొయ్యి మీద. రొట్టెలు ఇప్పటికీ మూడు రాళ్ల మీదనే, బయట కానుగ చెట్టు కింద. ఎంత చెప్పినా ఇనలే. రొట్టెలు పొంగుతయ్, అది మాత్రం నిజం.

రొట్టెలపెనం · ఏప్రిల్ 20, రాత్రి 9:50

బయట చెట్టు కింద అయితే పొగ ఎవరి కండ్లల్ల పడదు. కూర్చునేటప్పుడు గాలి వచ్చే దిక్కుకు వీపు పెట్టి కూర్చోమను. అమ్మ కండ్లెట్లున్నయ్?

బత్తాయితోట · ఏప్రిల్ 20, రాత్రి 10:05

ఎరుపు తగ్గింది. డాక్టరుకు చూపిస్తే చుక్కల మందు రాసిండు, పొగకు దూరముండమన్నడు. మొన్న చిన్నమ్మ వస్తే "మావోడు చేసిండు" అని పొయ్యి చూపించింది. నాకు మాత్రం చెప్పలే.

పాలమూరు ఆడబిడ్డ · ఏప్రిల్ 21, ఉదయం 6:55

మరి నల్గొండ నుంచి తెచ్చిన ఆ కారు బిళ్ల ఏం చేసినవ్ర?

బత్తాయితోట · ఏప్రిల్ 21, ఉదయం 7:20

దూది తీసేసి కడిగితే మల్ల తెల్లగైంది అక్కా. ఒక మూల గూళ్లు విరిగి పెద్దగైనయ్. తులసికోట కాడ పెట్టి అమ్మ అండ్ల ఊదుబత్తీలు గుచ్చుతుంది.

కృష్ణఒడ్డు · ఏప్రిల్ 21, ఉదయం 7:24

అంటే పొగ ఆపనీకి తెచ్చినదాన్ల నుంచే ఇప్పుడు రోజూ పొగ వస్తుందన్నట్టు.